బాస్ కన్ను, మస్కీ చెయ్యి



అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళలో శని, ఆదివారాలు వస్తే చాలు గాలం పట్టుకుని గట్టున నిలబడేవాళ్ళున్నారు. చిన్న బోటొకటి కొనుక్కుని సరస్సుల వెంట తిరిగేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది తిరిగేది బాస్ చేప కోసం. ఇవాళ నా మాటలు వాళ్ళతోనే. కొన్నేళ్ళుగా బాస్ పడుతున్నారు. నాచు అంచున ఎక్కడ విసరాలో తెలుసు, రబ్బరు పురుగును అడుగున ఎలా పాకించాలో తెలుసు. ఇప్పుడిక మస్కీ సంగతి చూద్దామనిపిస్తోంది. మంచిదే. బయలుదేరే ముందు ఒక మాట చెప్తాను, వినండి. మీ బాస్ అనుభవంలో సగం మస్కీకి అచ్చంగా పనికొస్తుంది. తక్కిన సగం అడ్డమొస్తుంది. పనికొచ్చేది మీ కన్ను. నీళ్ళను చూసి చేప ఎక్కడ పొంచి ఉంటుందో పోల్చుకునే కన్ను. అడ్డమొచ్చేది మీ చెయ్యి. ఏళ్ళ తరబడి అలవాటుపడి, మీరు చెప్పకుండానే తన పని తాను చేసేసుకుపోయే ఆ చెయ్యే.

ముందు చేప గురించి. మస్కీ పూర్తి పేరు మస్కెలంజ్. పైక్ కుటుంబం. ప్రకృతి సిద్ధంగా ఉత్తర అమెరికాలో తప్ప మరెక్కడా లేదు. గ్రేట్ లేక్స్, సెయింట్ లారెన్స్ నది, మిసిసిపీ ఎగువ ప్రాంతం, ఒహాయో నది, వీటి చుట్టూ ఉన్న నీళ్ళు దీని సొంతిల్లు. పొడుగాటి ఒళ్ళు, బాతు ముక్కులాంటి మూతి, వెనకగా తోక దగ్గర పెట్టుకున్న వీపు రెక్క. ఆ రెక్క అక్కడ ఉండబట్టే నిలబడ్డ చోటు నుంచి ఒక్క ఊపులో దూసుకొస్తుంది. 40 అంగుళాల చేప పడితే సంతోషించవచ్చు. 50 అంగుళాల చేప పడితే జీవితాంతం చెప్పుకోవచ్చు. అంత పెద్దవి దాదాపు అన్నీ ఆడచేపలే.

దీన్ని నార్తర్న్ పైక్‌తో పొరబడకుండా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. రెండింటికీ చట్టం వేరువేరు నియమాలు పెట్టింది కాబట్టి ఇది సరదా సంగతి కాదు. పైక్‌కు ముదురు ఒంటి మీద లేత మచ్చలు. మస్కీకి లేత ఒంటి మీద ముదురు చారలో, మచ్చలో ఉంటాయి, లేదా అసలేమీ ఉండవు. పైక్ తోక కొసలు గుండ్రం, మస్కీవి మొనదేలి ఉంటాయి. ఇంకా అనుమానం తీరకపోతే కింది దవడ అడుగున చూడండి. వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఒక్కో వైపు ఐదూ అంతకు తక్కువా ఉంటే పైక్. ఆరూ అంతకు ఎక్కువా ఉంటే మస్కీ.

విస్కాన్సిన్ రాష్ట్రం 1955లో దీన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. ఆ రాష్ట్రంలో హేవర్డ్ అనే చిన్న ఊరుంది. మస్కీ పేరు చెప్పుకునే బతుకుతుందంటే అతిశయోక్తి కాదు. 1949 జులైలో ఆ ఊరికి దగ్గర్లోని లాక్ కూర్ట్ ఒరేల్ సరస్సులో కాల్ జాన్సన్ 67 పౌండ్ల 8 ఔన్సుల చేపను పట్టాడు. అదే ఏడాది అక్టోబరులో, ఆ చుట్టుపక్కలే చిప్పెవా ఫ్లోవేజ్‌లో లూయీ స్ప్రే 69 పౌండ్ల 11 ఔన్సుల చేపను పట్టాడు. ఇందులో ప్రపంచ రికార్డు ఏది? అంతర్జాతీయ క్రీడా మత్స్య సంఘం జాన్సన్‌ది అంటుంది. హేవర్డ్‌లోనే ఉన్న మంచినీటి చేపల హాల్ ఆఫ్ ఫేమ్ స్ప్రేది అంటుంది. రెండింటి మీదా అనుమానాలున్నాయి, రెంటికీ పక్షం పలికేవాళ్ళున్నారు. డెబ్బై ఏళ్ళు దాటినా తగువు తెగలేదు. ఒక చేప గురించి జనం ఇంతకాలం కొట్లాడుకుంటున్నారంటే దాని పిచ్చి ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

ఈ చేపను పదివేల విసుర్ల చేప అంటారు. ఆ అంకెను చూసి బెదిరిపోనక్కర్లేదు. అది లెక్కపెట్టి చెప్పిన మాట కాదు. కానీ దాని వెనక నిజం ఒకటుంది. సరస్సుకు మస్కీయే పెద్ద వేటగత్తె. పెద్ద వేటజంతువులు ఎక్కడైనా కొద్దిగానే ఉంటాయి. మస్కీకి పేరున్న మంచి సరస్సులో సైతం రెండు మూడెకరాల నీటికి ఒక పెద్ద చేప ఉంటే గొప్ప. మంచి బాస్ చెరువులో అదే జాగాలో ఎన్ని బాస్‌లుంటాయో మీకు తెలుసు. అందుకని మొదట మార్చుకోవలసింది గెలుపు లెక్క. బాస్ వేటలో చేప చేతికొస్తేనే లెక్క. మస్కీ వేటలో చేప కనబడినా లెక్కే. లూరు అనే బొమ్మ ఎర వెనకే నీడలాగా వచ్చి, బోటు దాకా చూసి, మెల్లగా వెనక్కి తిరిగిపోతుంది. దాన్ని ఫాలో అంటారు. అది ఓటమి కాదు, చిరునామా. ఎక్కడ కనబడిందో గుర్తు పెట్టుకోండి. సూర్యాస్తమయం వేళకో, చంద్రోదయానికో, మబ్బు పట్టి గాలి మారినప్పుడో మళ్ళీ అక్కడికే రండి. అనుభవమున్న మస్కీ వేటగాళ్ళు చాలామంది రోజును ఇలాగే పంచుకుంటారు. పగలంతా చేపను వెతకడం, ఆ చేపకు ఆకలేసే వేళకు దాని గుమ్మం ముందుకు తిరిగి రావడం.

ఎక్కడ వెతకాలి అన్నదానికి మీ కన్ను చాలు. నాచు అంచు, అందులోనూ వెడల్పాటి ఆకులుండి ఉత్తరాది వాళ్ళు క్యాబేజీ అని పిలుచుకునే నీటిమొక్క. నీళ్ళలోకి పొడుచుకొచ్చిన మొన. మునిగి ఉన్న రాళ్ళ దిబ్బ. లోతు ఒక్కసారిగా దిగిపోయే గట్టు. గాలి కొట్టే ఒడ్డు. ఇవన్నీ బాస్ చోట్లే కదా! తేడా రెండు విషయాల్లో ఉంది. ఒకటి, మస్కీ తిండి పెద్దది. పెర్చ్, సకర్, సిస్కో లాంటి చేపలు దానికి మేత. సిస్కో ఉన్న సరస్సుల్లో మస్కీ ఆ మంద వెంట నడిమధ్యకు, అడుగు అందని నీళ్ళలోకి కూడా పోతుంది. అక్కడ వేలాడుతూ ఉంటుంది. ఒడ్డు మీదనే కళ్ళు పెట్టుకునే బాస్ వేటగాడికి ఇది కొత్త. రెండు, వేగం. బాస్‌కైతే ఒక చెట్టుకొమ్మ దగ్గర నిలబడి ఐదారు రకాల ఎరలు మార్చి మార్చి వేస్తాం. మస్కీకి ఆ ఓపిక వృథా. లేని చేపను బతిమాలినట్టవుతుంది. నాచు అంచు పొడుగునా పెద్ద లూరుతో గబగబా విసురుకుంటూ పోవాలి. ఎక్కువ నీటిని చూడాలి.

ఇప్పుడు సరంజామా. మీ ఏడడుగుల బాస్ రాడ్డును ఇంట్లో ఉంచండి. ఎనిమిదిన్నర, తొమ్మిదడుగుల హెవీ రాడ్డు కావాలి. ఎందుకంత పొడవు అంటే దూరం విసరడానికి అనుకుంటారు. అసలు కారణం బోటు పక్కన జరిగే పని. దాని దగ్గరకు కాసేపట్లో వస్తాను. రీలు 300, 400 సైజు బెయిట్‌కాస్టర్ ఉండాలి. లైను 80 పౌండ్ల అల్లిక దారం, బ్రెయిడ్. ముప్పై పౌండ్ల చేపకు 80 పౌండ్ల లైనా అని నవ్వొస్తుంది. మూడు ఔన్సుల లూరును బలంగా విసిరినప్పుడు రీలు ఒక్కసారి చిక్కుపడిందా, సన్నటి లైను అక్కడే పుటుక్కున తెగి లూరు ఒక్కటే ఎగిరిపోతుంది. పైగా లావు గాలాలు ఎముకలాంటి దవడలో దిగాలంటే లైను సాగకూడదు. ఇంకో సంగతి. సన్నటి లైనుతో చేపను గంటసేపు ఆడించడం ఇక్కడ గొప్ప కాదు. దాన్ని త్వరగా తెచ్చి త్వరగా వదిలితేనే అది బతుకుతుంది. లైను చివర 100 పౌండ్లు దాటిన ఫ్లోరోకార్బన్ లీడరో, స్టీలు తీగ లీడరో, కనీసం అడుగు పొడవుది తప్పనిసరి. లీడర్ లేకుండా వేస్తే ఆ పళ్ళకు ఏ లైనూ ఆగదు. నోట్లో గాలాలతో చేప పోతుంది.

లూర్ల దుకాణంలో అడుగుపెట్టారంటే జేబు ఖాళీ అవుతుంది, జాగ్రత్త. మొదటి ఏడాదికి మూడు రకాలు చాలు. మొదటిది బక్‌టెయిల్. రెండు పెద్ద రేకులు గిరగిరా తిరుగుతుంటే వెనక జుట్టులాంటి తోక ఆడుతుంటుంది. కొత్తవాళ్ళకు ఇదే మంచిది. విసిరి, ఒకే వేగంతో చుట్టుకు రావడమే పని. రెండోది బుల్‌డాగ్ లాంటి పెద్ద రబ్బరు చేప. ఆగుతూ, లాగుతూ లోతులో ఆడించడానికి, ముఖ్యంగా నీళ్ళు చల్లబడ్డాక. మూడోది నీటి మీద చప్పుడు చేసే తోక తిరుగుడు లూరు, వేసవి సాయంత్రాలకు. ఇవి తప్ప ఇంకేమీ కొననని మనసులో ఒట్టు పెట్టుకోండి. ఒట్టు నిలబడదు, అది వేరే సంగతి.

ఇక బోటు పక్కకు వద్దాం. మస్కీ వేటకూ బాస్ వేటకూ ఉన్న దూరమంతా ఈ చివరి పదడుగుల్లోనే ఉంది. బాస్ వేటగాడు ఏం చేస్తాడు? లూరు పది పదిహేనడుగుల దూరానికి వచ్చేసరికి వాడి మనసు తర్వాతి విసురు మీదికి పోతుంది. మణికట్టు తనంతట తానే రాడ్డును ఎత్తుతుంది, లూరు గాల్లోకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే, ఆ లూరు వెనక రెండడుగుల కింద నాలుగడుగుల చేప ఉందనుకోండి. దానికి తిండి మాయమైంది. మీకు సంగతే తెలియదు.

అందుకని మస్కీ వేటలో ప్రతి విసురూ ఫిగర్ ఎయిట్‌తో ముగియాలి. ఎనిమిది అంకెను ఇంగ్లీషులో ఎలా రాస్తామో అలా నీళ్ళలో లూరుతో గియ్యడం. ఎలాగో చెప్తాను. లీడరు రాడ్డు కొసకు అడుగున్నర దూరంలోకి రాగానే చుట్టడం ఆపండి. రీలు మీద బొటనవేలు పెట్టండి, లేదా బటన్ నొక్కి వేలితో స్పూలును అదిమి పట్టుకోండి. రాడ్డు కొసను నీళ్ళలోకి ముంచండి, ఒకటి రెండడుగులు. లూరు ఎక్కడా ఆగకూడదు. ముందు బోటు పొడుగునా ఒక పక్కకు తీసుకుపోయి, మలుపు తిప్పండి. మలుపు వెడల్పుగా ఉండాలి. నాలుగడుగుల చేపకు చిన్న మలుపు తిరగడం చేతకాదు. ఇరుకు సందులో లారీని తిప్పమన్నట్టే. మలుపులో లూరును కాస్త పైకి తేల్చి వేగం పెంచండి. తిన్నని చోట మళ్ళీ లోతుకు దించండి. చేపకు ఎక్కువసార్లు నోరు తెరవాలనిపించేది ఆ మలుపుల్లోనే. ఎనిమిదిన్నరడుగుల రాడ్డు ఎందుకన్నానో ఇప్పుడర్థమైంది కదా. పొట్టి రాడ్డుతో ఈ వెడల్పు రాదు.

చేప కనబడకపోయినా ఒక్క చుట్టయినా తిప్పండి. చాలాసార్లు అది కనబడనంత కిందే ఉంటుంది. కనబడితే మాత్రం నిలబడిపోకండి, అరవకండి, బోటులో అడుగు కదపకండి. తిప్పుతూనే ఉండండి. నాలుగు చుట్లు, ఐదు చుట్లు, పోయిందనుకున్నాక ఇంకో రెండు. రంగు అద్దాలున్న పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకుంటే నీళ్ళ మెరుపు తగ్గి కింద నీడ కనబడుతుంది. మీ ముఖం పక్కనుంచి అంతేసి గాలాలు ఎగురుతుంటాయి కనుక కళ్ళకు కాపలా కూడా అదే.

కరిచాక ఏం చెయ్యాలి? బాస్‌కు మనం రాడ్డును ఆకాశానికి లేపుతాం. ఇక్కడ అలా లేపితే లూరు నోట్లోంచి జారి ముఖం మీదికొస్తుంది. రాడ్డును నీటికి దగ్గరగా ఉంచి పక్కకు, బలంగా, చేప పోతున్న దిక్కుకు ఎదురుగా లాగాలి. నీటి మీద లూరుకు మాత్రం ఇంకో నియమం. నీళ్ళు బద్దలైనట్టు చప్పుడవుతుంది, గుండె గొంతులోకొస్తుంది. అప్పుడు లాగకూడదు. బరువు చేతికి తగిలాకే లాగాలి. మన చెరువుల్లో కొరమేనుకు కప్పను ఎరగా వేసినవాళ్ళకు ఈ ఓర్పు ముందే అలవాటు. నీళ్ళు చిమ్మాయని లాగితే కప్ప ఒడ్డున పడుతుందే తప్ప కొరమేను రాదు.

ఇక అన్నిటికంటే పాత అలవాటు ఒకటుంది. బాస్ బోటు దగ్గరకు రాగానే బొటనవేలు దాని నోట్లోకి పోతుంది. కింది పెదవి పట్టుకుని లేపేస్తాం. మస్కీ నోరు బాస్ నోరు కాదు. సూదుల్లాంటి పళ్ళు, పక్కన ఊగే మూడు ముళ్ళ గాలాలు. అక్కడ వేలు పెట్టారంటే ఆ రోజు వేట ఆసుపత్రిలో ముగుస్తుంది. చేపకూ మంచిది కాదు. బరువైన చేపను దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే దాని సొంత బరువే దానికి హాని చేస్తుంది.

సరైన పద్ధతి ఇది. లోతైన సంచి ఉండి, రబ్బరు పూత పూసిన పెద్ద వల దగ్గరుండాలి. చేపను తల ముందుగా వలలోకి నడిపించండి. వలను బోటులోకి లేపకండి. వల అంచు పైన, చేప నీళ్ళలో. అదే దానికి ఆసుపత్రి గది. పొడుగాటి పట్టకారుతో గాలాలు తియ్యండి. లోతుగా దిగితే పీకకండి. గాలం కాడను కత్తిరించే బలమైన కట్టర్ ఒకటి దగ్గర పెట్టుకుని, కటుక్కున తెంచెయ్యండి. మూడు డాలర్ల గాలం పోతుంది, ఇరవై ఏళ్ళు బతకగల చేప మిగులుతుంది. ఆ కట్టర్ మీ చేతిలో గాలం దిగినప్పుడు కూడా పనికొస్తుందని గుర్తుంచుకోండి. ఫొటో కావాలంటే ముందు కెమెరా సిద్ధం చేసుకుని, తర్వాతే చేపను ఎత్తండి. ఎడమ చేతి వేళ్ళు మొప్ప డిప్ప కింద దవడ ఎముక వెంట జార్చి పట్టు దొరికించుకోవాలి, ఎర్రటి మొప్పలను తాకకుండా. కుడి చెయ్యి పొట్ట కింద. చేప అడ్డంగా ఉండాలి. మీరు ఊపిరి బిగపట్టి ఉండగలిగినంతసేపే అది గాల్లో ఉండాలి. తర్వాత నీళ్ళలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకుని, తోక విదిల్చి తనంతట తాను పోయేదాకా ఆగండి. నీళ్ళ వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరకు వచ్చిందంటే ఆ రోజు మస్కీ మాట వదిలెయ్యండి. అంత వేడి నీళ్ళలో పెనుగులాడిన చేప ఈదుకుంటూ పోయినట్టే కనబడుతుంది, తర్వాత చచ్చిపోతుంది. ఆ రోజుకు మళ్ళీ బాస్ ఉందిగా!

వదిలెయ్యడానికేనా ఇంత తంటా అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. పులుసుకు ఒక్క ముక్కా తేరు కదా అంటారు. పులుసుకు క్రాపీ ఉంది, బ్లూగిల్ ఉంది, వాల్ఐ ఉంది. ఏళ్ళ తరబడి చేపల్ని తిని బతికిన పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది, అది తినడానికీ మంచిది కాదు. వదిలెయ్యడం అనే ఈ ఆచారం కూడా దానంతటదే రాలేదు. 1966లో మిన్నెసోటాలో గిల్ హామ్ అనే ఆయన మస్కీస్ ఇంక్ అనే సంఘం మొదలుపెట్టాడు. చేపపిల్లల్ని పెంచి సరస్సుల్లో వెయ్యడం, పట్టిన చేపను బతికుండగా వదలడం, ఈ రెండూ ఆ సంఘం నేర్పిన పాఠాలు. ఇవాళ మిన్నెసోటాలో 54 అంగుళాలకు తక్కువున్న మస్కీని ఉంచుకోవడం నేరం. అక్కడ ఈ వేట జూన్ మొదటి శనివారం మొదలవుతుంది. విస్కాన్సిన్‌లో చాలా సరస్సుల్లో కొలత 40 అంగుళాలు. రాష్ట్రానికో నియమం, ఒక్కోసారి సరస్సుకో నియమం. లైసెన్సు తీసుకునేటప్పుడే చదువుకోండి.

ఈ ఆచారం ఫలితం కళ్ళ ముందుంది. 2022 జూన్‌లో మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సులో 58.25 అంగుళాల చేపను పట్టి, కొలిచి, వదిలేశారు. వదిలిన చేపల్లో అది రాష్ట్ర రికార్డు. అంతకు ముందు ఏడాది, 2021 నవంబరులో, అదే సరస్సులో 55 పౌండ్ల 14.8 ఔన్సుల చేప పడింది. 1957 నుంచి కదలకుండా ఉన్న 54 పౌండ్ల రికార్డు దాంతో చెరిగింది. దాన్ని పట్టినవాళ్ళు వదలాలనే చాలాసేపు ప్రయత్నించారు, చేప తేరుకోలేదు. అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు అంతే. అందుకే సరిగ్గా చెయ్యకపోవడానికి మనకు హక్కు లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? మిల్ లాక్స్, లేక్ ఆఫ్ ది వుడ్స్ లాంటి సముద్రాల జోలికి మొదటి ఏడాది పోకండి. మీ ఊరికి దగ్గర్లో, కాస్త చిన్న చేపలైనా ఎక్కువగా ఉన్న సరస్సును ఎంచుకోండి. మినియాపొలిస్ చుట్టుపక్కల చిన్న సరస్సుల్లో టైగర్ మస్కీలను వదులుతారు. మస్కీకీ పైక్‌కూ పుట్టిన సంకరజాతి, త్వరగా పెరుగుతుంది. చికాగో వాళ్ళకు ఫాక్స్ చెయిన్ ఉంది. డెట్రాయిట్ వాళ్ళ గుమ్మంలోనే లేక్ సెయింట్ క్లెయిర్, ప్రపంచంలో పేరున్న మస్కీ నీళ్ళలో ఒకటి. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు దూరం పోనక్కర్లేదు, గ్రీన్‌వుడ్ లేక్, లేక్ హొపాట్‌కాంగ్ ఉన్నాయి. టెక్సస్ వాళ్ళు మాత్రం విమానమెక్కాలి. కుదిరితే మొదటి రోజు గైడును పెట్టుకోండి. డబ్బు ఎక్కువే. కానీ చేపను వలలో ఉంచి గాలం తియ్యడం పుస్తకంలో చదివి నేర్చుకునే విద్య కాదు. ఒకసారి పక్కన నిలబడి చూస్తే మీ చేతికి వస్తుంది.

చివరగా, కొనాల్సిన వరస. ముందు వల. తర్వాత పట్టకారు, కట్టర్. తర్వాత రాడ్డు, రీలు, లైను, లీడర్లు. అన్నిటికంటే ఆఖరున లూర్లు. ఈ వరసలో కొనడానికి డబ్బు చాలకపోతే ఈ ఏడాదికి బాస్‌తోనే సరిపెట్టుకోండి. కాకపోతే ఈ వారం నుంచే ఒక పని మొదలుపెట్టవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. బాస్ కోసం వెళ్ళినప్పుడు కూడా లూరును బోటు పక్కన ఒక్క చుట్టు తిప్పి, అప్పుడు పైకి తియ్యండి. వేసవి చివరికి చెయ్యి దారికొస్తుంది. కొన్ని పెద్ద బాస్‌లు కూడా దానికే పడతాయి.